ఎక్కి తెలిసికొనవలసిన దారి

నర్సీపట్నం నుండి లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విశాఖ సాగరతీరమునకు: తూర్పు కనుమలలో సైకిలు యాత్ర

విశాఖ మన్యమునకు పోవు యాత్రికులలో అధికసంఖ్యాకులు శృంగవరపుకోట మీదుగా అరకులోయ చేరి, బొర్రా గుహలు దర్శించి, ఒక గ్లాసు కాఫీ సేవించి, పొద్దుగ్రుంకు వేళకు మరల కొండ దిగివత్తురు. మోటారు వాహనమున పోవు వారికి కొండ యొక దృశ్యము మాత్రమే. సైకిలు తొక్కుకొని పోవువానికో, అదే కొండ యొక పరిమాణము. ఏ మలుపుకడ దారి నిక్కినదో, ఏ చింతచెట్టుకడ కొంత చదునై ఊపిరి తీసికొననిచ్చినదో, అతని మోకాళ్లకు కంఠస్థమగును.

ఈ కొండలపై సైకిలు యాత్ర చేయగోరువారు కూడ సామాన్యముగా అరకు వైపునుండియే ఎక్కి, లంబసింగి వైపున దిగుటకు సంకల్పింతురు. ఆ క్రమమును తిరుగవేసి, నర్సీపట్నమున బయలుదేరి విశాఖ సముద్రతీరమున ముగించుట ఉత్తమమని మా ప్రతిపాదన. ఇందుకు చరిత్రకు సంబంధించిన కారణ మొకటి, బలవత్తరమైనది, కలదు.

దారి వరుస

నర్సీపట్నమునుండి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు, అచ్చటినుండి చింతపల్లికి 20, చింతపల్లినుండి పాడేరుకు 40, పాడేరునుండి హుకుంపేట, డుంబ్రిగుడల మీదుగా అరకునకు 45, అరకునుండి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు 60, ఆపై విశాఖపట్టణమునకు మఱియొక 50. వెరసి ఇంచుమించు 245 కిలోమీటర్ల యాత్ర. రాజమహేంద్రవరమునుండి మన్యము మీదుగా విజయనగరమునకు పోవు 516ఈ జాతీయ రహదారి ఇందు అధికభాగమును తనలో కలుపుకొనుచున్నది. విస్తరణ జరిగిన తావుల దారి నునుపెక్కినది. పనులు సాగుచోట్ల కంకరయు ధూళియు తప్పవు.

ఫ్రాన్సు దేశమున పుట్టి మన నగరములకును వ్యాపించిన బ్రెవే దూరపు సైకిలు యాత్రలలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగింపవలెనను నియమము కలదు. ఈ మన్యపు దారిని అట్టి గడువునకు కట్టివేయుట దానికి అన్యాయము చేయుటయే యగును. చింతపల్లిలో నొక రాత్రి, అరకులో నొక రాత్రి విశ్రమించి మూడు దినములలో పోవువాడు నష్టపోవునది ఏమియు లేదు.

డౌనూరు మలుపులు

లంబసింగి దారిలో డౌనూరు దాటినది మొదలు అసలు ఘాట్ రోడ్డు ప్రారంభమగును. క్రింద జీడిమామిడి తోటలు, చెఱకు చేలు వెనుకబడి, వెదురు పొదలు, అడ్డతీగలు అల్లుకొన్న అడవి ఇరువైపుల దగ్గరగా జరుగును. సముద్రమట్టమునకు సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్న లంబసింగికి చేరువఱకు వేగము గంటకు ఎనిమిది కిలోమీటర్లకు మించుట దుర్లభము. ఆ వేగమున పోవునప్పుడే, ఈ దారి తనంతట పుట్టలేదను సంగతి స్ఫురించును.

1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమును, అడవిలో సంచరించు స్వేచ్ఛను అరికట్టిన పిదప, కొండవారి బ్రతుకు ఇరుకున పడినది. దానిపై రోడ్ల నిర్మాణమునకు వెట్టిచాకిరి తోడైనది. నర్సీపట్నమునుండి లంబసింగికి దారి వేయించు కాలమున గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్, కంట్రాక్టరుతో కలిసి గిరిజనుల కూలి దిగమ్రింగి, అడిగినవారిని కొట్టించెననుట మన్య విప్లవ చరిత్రలందు ప్రసిద్ధమైన విషయము. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసి తుపాకులు తీసికొనిపోయిరి; మఱునాడు కృష్ణదేవిపేట, ఆ మఱునాడు రాజవొమ్మంగి. ఆ విప్లవమునకు కారణములు పెక్కు. వానిలో నొకటి మన చక్రము క్రింద నున్న ఈ దారియే. దీనిని దిగుచు పోవువాడు అరగంటలో దాటిపోవును. ఎక్కుచు పోవువానికి మాత్రమే, ఇచ్చట రాయి పగులగొట్టి తట్టలతో మోసిన శ్రమలో లేశమైనను ఒడలికి తెలియును. నర్సీపట్నమునుండి మొదలిడవలెననుటకు మా ముఖ్యకారణ మిదియే.

ఎత్తునకు లెక్క

సైకిలుతో కలిపి 80 కిలోల బరువుగలవాడు వేయి మీటర్లు పైకి పోవలెనన్న, భూమ్యాకర్షణకు ఎదురుగా చేయవలసిన పని సుమారు 190 కిలో కెలోరీలు. కండరములు తిన్న తిండిలోని శక్తిని నాలుగింట నొకవంతునకు మించి పనిగా మార్చజాలవు గనుక, నిజముగా వ్యయమగునది 750కి తక్కువ కాదు. కావున ఖాళీ కడుపుతో ఘాట్ రోడ్డు మొదలుపెట్టుట అవివేకము. అరటిపండ్లు, బెల్లము, వేరుశనగలు జేబులో నుండవలెను, దాహము కాకమునుపే నీరు త్రాగవలెను.

గేరులు ఈ శ్రమను తగ్గించునను భ్రమ కొందఱికి కలదు. సాధారణ సైకిలు పెడలు ఒక చుట్టు త్రిప్పిన బండి సుమారు 5 మీటర్లు ముందుకు పోవును. ముందు వెనుక పండ్లచక్రములు సమానముగా నున్న గేరున అదే చుట్టునకు రెండు మీటర్లు మాత్రమే పోవును. పని మొత్తము మాఱదు; పెద్ద అప్పును చిన్న వాయిదాలలో తీర్చుకొనుట వంటి సౌలభ్యము మాత్రము లభించును. ఈ సౌలభ్యమును సైతము పౌరుషహానిగా భావించిన కాలమొకటి కలదు: టూర్ డి ఫ్రాన్స్ పందెమున, తొక్కుచునే గేరు మార్చు పరికరమును 1937 వఱకు అనుమతింపలేదు. మన యాత్రికునకు అట్టి పట్టుదల అక్కఱలేదు. కొండ మొదటనే తేలికగేరు వేసికొని, మాట్లాడుటకు వీలైనంత ఊపిరి మిగుల్చుకొని తొక్కినవాడే పైవఱకు సుఖముగా చేరును.

ఎత్తు పెరిగినకొలది, వేయి మీటర్లకు ఇంచుమించు ఆఱు డిగ్రీల చొప్పున చలి పెరుగును. శీతకాలపు వేకువ లంబసింగిలో మంచు చేతికందునంత దట్టముగా దిగి, టీ దుకాణముల ముందు చలిమంటలు వెలుగుచుండును. చెమటతో తడిసిన చొక్కాతో అచ్చట నిలువబడుట ప్రమాదము. పొడిచొక్కా యొకటి సంచిలో నుండితీరవలెను.

పాడేరు, అరకు: పైనున్న దేశము

లంబసింగి తర్వాత దారి చదును కాదు. ఎక్కుచు దిగుచు, వాగులు దాటుచు, కొండల నడుమ పొలముల వెంట సాగును. చింతపల్లి ప్రాంతమున రాజ్మా, పాడేరు ప్రాంతమున పసుపు, అల్లము, మిరియములు; కార్తీక మార్గశిరములలో అరకు పరిసరములయందు వలిసెపూలు కొండవాలులను పసుపుపచ్చగా కప్పివేయును. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్ల మ్రాకులకే ఎగబ్రాకిన మిరియపు తీగలు, కల్లములలో ఎండబోసిన పండ్లు. 2019లో అరకు వ్యాలీ అరబికా పేర భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీ ఇదియే. భగతలు, కొండదొరలు, పోర్జలు, గదబలు, కోదులు మొదలగు జనులు ఆయా వారములందు సంతలకు కావిళ్లతో, తలమూటలతో కాలినడకన వచ్చుచుందురు. ఎక్కుడులలో వారిని దాటిపోవుటకు సైకిలువానికి చాలినంత వేగముండదు. కొంతదూరము ప్రక్కప్రక్కనే పోవలసివచ్చును, పలుకరింపులు జరుగును, ముందున్న మలుపు ఎట్టిదో ఉచితముగా తెలియును. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరే ముఖ్యపట్టణము. మోదకొండమ్మ గుడి యిచ్చటనే కలదు.

అనంతగిరి దిగుడు

అరకు దాటి గాలికొండ వైపునకు మఱియొకసారి ఎక్కిన పిమ్మట, శృంగవరపుకోట వఱకు దీర్ఘమైన దిగుడు. ఎక్కునప్పుడు కూడబెట్టిన శక్తిలో చాలభాగము ఇచ్చట బ్రేకులలో వేడిగా మాఱవలసినదే. ఎడతెగక బ్రేకు నొక్కిపట్టుట తగదు; మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో బ్రేకు వదలి, ఎడమవైపునే యుండవలెను. వానకాలమున నాచు, జాఱిపడిన మట్టి, రాళ్లు. శనివారాదివారములలో పైకి వచ్చు వాహనముల వరుస. కావున నవంబరునుండి ఫిబ్రవరి వఱకు, వారము నడుమ దినములలో, ఎండ కొంత ఎక్కి పొగమంచు విడిన తర్వాత దిగుట క్షేమము.

ఈ కొండలలోనే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గము యాభైకి పైగా సొరంగములు దూఱి పోవుచున్నది. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు దింపి జపానుకు పంపుటకై 1960ల దశకమున దీనిని నిర్మించిరి; సుమారు 996 మీటర్ల ఎత్తున నున్న శిమిలిగుడ స్టేషను చిరకాలము మన దేశపు బ్రాడ్‌గేజి స్టేషనులలోకెల్ల ఎత్తైనదిగా పేరొందినది. అనంతగిరి మండలమున బొర్రా చుట్టునున్న గ్రామముల గనుల లీజులపై పుట్టిన ‘సమత’ సంస్థ వ్యాజ్యమున, షెడ్యూల్డు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకై లీజుకియ్యరాదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పినది. నర్సీపట్నమునుండి వచ్చినవానికి ఈ సంగతులన్నియు కాలక్రమమున ఎదురగుట గమనింపదగినది: ముందు పాలకుల దారి, తర్వాత తోటలు, పిదప ఖనిజపు పట్టాలు, కడపట న్యాయస్థానపు తీర్పు.

యాత్రికుని బాకీ

ఈ కొండ లెక్కినవారిలో ఎందఱో ఏదియో ఒకటి క్రిందికి దింపుకొనుటకే వచ్చిరి: కలప, ఖనిజము, శిస్తు; నేటివారు ఛాయాచిత్రములు. సైకిలువాని సంచిలో రెండు ట్యూబులు, పంపు, పంక్చరు సామాను, పొడిచొక్కా పోగా మిగులు చోటు స్వల్పము. కావున అతడు గొప్ప త్యాగి యని పొగడ నక్కఱలేదు. ఐనను, ఖాళీ సీసాలు, పొట్లాల కాగితములు తిరిగి మోసికొనిపోవుట, అడుగక ఎవరి ముఖమును చిత్రము తీయకుండుట, భోజనమునకును బసకును అచ్చటి వారికే సొమ్ము చెల్లించుట అతని వశముననే యున్నవి. డౌనూరు మలుపులలో ఊపిరి చాలక పాదము నేల నానించినవానికి, ఈ రాళ్లు మోసినవారి కూలి ఎంత యుండవలసినదో యను ప్రశ్న పుట్టకపోదు. ఆ ప్రశ్న పుట్టిన పిదప, సంతలో పసుపు మూటకు పది రూపాయలు తగ్గించుమని అడుగుటకు నోరు రాదు.