తొమ్మిదివేల చుట్ల బండి: వెలయు, విలువయు

యంత్రముల విషయమున లోకమునకు రెండు కొలతలు కలవు. ఒకటి వెల, రెండవది విలువ. వెలను అంగడివాడు చీటిపై వ్రాసి చూపును. విలువను కాలము తప్ప వేరొకరు నిర్ణయింపజాలరు. ఈ రెంటిని గూర్చియు వివాదము పుట్టినప్పుడు వాదించువారు తరచుగా వెలను గూర్చియే మాటలాడుచు, విలువను గూర్చి మాటలాడుచున్నామని భ్రమపడుదురు. 1999వ సంవత్సరమున జపాను దేశపు హోండా సంస్థవారు విడుదల చేసిన ఎస్ 2000 అను పరుగు బండిని గూర్చి అమెరికాలోను, ఐరోపాలోను చెలరేగిన వాదము ఇట్టిదే. ఆ బండి తయారగుట 2009లో నిలిచిపోయినది గాని వాదము నేటికిని నిలువలేదు. మన దేశమున మోటారు పరిశ్రమ నానాటికి పెరుగుచున్న యీ కాలమున దానిని మరల విచారించుట మన పాఠకులకు నిరుపయోగము కాదని తలచుచున్నాము.

ముందుగా బండి సంగతి. హోండా సంస్థ 1948లో స్థాపింపబడినది. ఏబదియేండ్ల పండుగకు గుర్తుగా ఆ సంస్థవారు ఈ బండిని నిర్మించిరి. దీని తొలి నమూనాను 1995లో టోక్యో మోటారు ప్రదర్శనమున చూపిరి. తుదిరూపము 1999 ఏప్రిలు మాసమున జపానులో అమ్మకమునకు వచ్చెను. అంతకుముందు ఆ సంస్థకే ఎన్.ఎస్.ఎక్స్. అను ప్రసిద్ధమైన బండిని తీర్చి యిచ్చిన షిగెరు ఉయెహరా దీని నిర్మాణమునకును పెద్దగా నుండెను. ఇది ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. పై కప్పు మడచివేయవచ్చును. ఇంజను ముందు, చోదకబలము వెనుక చక్రములకు. బరువు ముందు వెనుకలకు సరిసగముగా పంచబడినది. ఇంజను పరిమాణము 1997 ఘన సెంటీమీటర్లు, సిలిండర్లు నాలుగు. గాలిని బలవంతముగా లోనికి దట్టించు సాధన మేదియు లేదు. అయినను నిమిషమునకు 8300 చుట్ల వద్ద జపాను బండి 250 అశ్వశక్తిని, అమెరికా బండి 240 అశ్వశక్తిని ఇచ్చుచుండెను. చుట్లను చూపు పలకమీద ఎర్రగీటు 9000 వద్ద నున్నది. సాధారణమైన పెట్రోలు బండ్లలో ఆ గీటు ఆరువేల చేరువనే యుండును. జపానులో దీని తొలి వెల 33 లక్షల 80 వేల యెన్లు. అమెరికాలో సుమారు 32 వేల డాలర్లు.

ఇంత చిన్న ఇంజను ఇంత బల మెట్లిచ్చెనని ప్రశ్న. మోటబావి నెరిగినవారికి జవాబు సులభము. పెద్ద బొక్కెన కట్టి మెల్లగా తోలిన మోట యొకటి, చిన్న బొక్కెన కట్టి వడిగా తోలిన మోట యొకటి ఉన్నవనుకొందము. చేనికి పారిన నీరు బొక్కెన పరిమాణమును మాత్రమే బట్టి యుండదు. గడియకు ఎన్నిమారులు ఎత్తిపోసిరో ఆ లెక్కను కూడ బట్టియే యుండును. ఇంజనునందు ఒక్కొక్క చుట్టునకు దొరకు తిప్పుబలము బొక్కెన వంటిది. నిమిషమునకు తిరుగు చుట్లు మోట తోలిన లెక్క వంటివి. ఈ రెంటిని గుణించినదే అశ్వశక్తి. అమెరికన్ ఇంజనీరులు పెద్ద బొక్కెనను నమ్మిరి. ఈ జపాను ఇంజనీరులు వడిని నమ్మిరి.

అయితే వడికి ఖర్చు కలదు. ఈ ఇంజనులో పిస్టను ఒక్కొక్క మారు నడచు దూరము 84 మిల్లీమీటర్లు. 9000 చుట్లనగా సెకనునకు 150 చుట్లు. చుట్టునకు ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి. లెక్కించినచో పిస్టను సగటున సెకనునకు 25 మీటర్లకు మించిన వేగముతో, ప్రతి కొననుండియు దిశ మార్చుకొనుచు పరుగెత్తుచున్నది. ఇట్టి యొత్తిడికి మామూలు పోత పనిముట్లు నిలువవు. కొట్టి తీర్చిన పిస్టనులును, నారలు కలిపి గట్టిపరచిన సిలిండరు గోడలును కావలసివచ్చినవి. ఇంతియ కాదు. మెల్లగా తిరుగునప్పుడు కవాటములు తెరచుకొనవలసిన తీరు వేరు. వడిగా తిరుగునప్పుడు వేరు. హోండావారు 1989 నుండియే తమ బండ్లలో వాడుచున్న వీటెక్ అను ఏర్పాటు ఈ రెండు తీరులకును రెండు వేర్వేరు కామ్ అంచులను ఉంచి, సమయము వచ్చినప్పుడు ఒకదానినుండి మరియొకదానికి మార్చును. ఎస్ 2000లో ఈ మార్పు సుమారు ఆరువేల చుట్ల వద్ద జరుగును. అచ్చటినుండి బండి స్వభావమే మారిపోవును.

ఇచ్చటనే వివాదము మొదలైనది. ఆక్షేపించువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. పూర్తి తిప్పుబలము 7500 చుట్లకు గాని చేతికి రాదు. నగరవీథులలో దీపముల నడుమ ఆగుచు సాగుచు పోవువాడు ఏడువేల చుట్లు తిప్పుచు పోగలడా? మెల్లగా నడపినచో ఇది సామాన్యమైన చిన్న బండివలె నుండును. దాని బలము కావలెనన్న మాటిమాటికి గేరు మార్చుచు, ఇంజనును అరిపించుచు పోవలెను. ఆ కాలముననే అమెరికాలో 5.7 లీటర్ల ఇంజనుతో 305 అశ్వశక్తి గల షెవ్రోలె కమారో బండి ఇంతకంటె ఎంతో తక్కువ వెలకు దొరకుచుండెను. తేలికయైన తెరపి బండియే కావలెనన్నచో మాజ్దావారి మియాటా ఇరువది వేల డాలర్ల చేరువలో నుండెను. తొలి సంవత్సరములలో కొందరు అమ్మకపుదారులు చీటి వెలపై అదనముగా వేల డాలర్లు గుంజుట మరియొక ఫిర్యాదు. నేర్పు చాలనివాని చేతిలో మలుపునందు వెనుక చక్రములు హఠాత్తుగా జారునన్న ఆక్షేపణయు ఉండెను. తరువాతి యేండ్లలో సంస్థవారు బండి అమరికను సవరించుటయే అందులో కొంత నిజము కలదని చూపుచున్నది.

సమర్థించువారు ఇట్లనిరి. జర్మనీవారి పోర్షె బాక్‌స్టర్ వెల నలుబది వేల డాలర్లు దాటియుండగా, అంతకంటె తక్కువ వెలకు అంతకంటె ఎక్కువ అశ్వశక్తి గల బండి దొరకుట చౌకబేరమే. పందెపు బండ్లకు మాత్రమే చెల్లిన చుట్ల లెక్కను, ప్రతిదినము వాడుకొనదగి, నమ్మకముగా పనిచేయు బండిలో తెచ్చి యిచ్చిరి. నడపువాడు శ్రమపడవలసివచ్చునన్నది దోషము కాదు, ఆ శ్రమయే దాని రుచి. వీణ వాయించుట కష్టమని వీణను నిందింతుమా?

ఉభయపక్షముల వాదమును విని మేము గ్రహించిన దేమనగా, ఇరువురును ఒక మూలకారణమును విస్మరించిరి. రెండు లీటర్లకు లోబడిన ఇంజనునుండి ఇంత బలమును పిండవలసిన యవసర మేమి? జపానులో బండ్లపై ఏటేటి పన్నును ఇంజను పరిమాణమును బట్టి విధింతురు. రెండు లీటర్లు దాటినచో పన్ను పై తరగతికి పోవును. మన రైతులకు ఇది తెలియని సంగతి కాదు. శిస్తు పండిన పంటపై గాక పొలము విస్తీర్ణముపై కట్టవలసియున్నచో, తెలివిగల రైతు పొలమును పెంచడు. ఉన్న పొలముననే రెండు పంటలు తీయును. జపాను ఇంజనీరులు చేసినది ఈ రెండవ పంటయే. అమెరికాలోనన్ననో పొలమునకు కొదువ లేదు, పెట్రోలు చౌక; అందుచేత వారికి ఈ నేర్పు వినోదముగా తోచెనే గాని అవసరముగా తోచలేదు. లీటరునకు ఇన్ని అశ్వముల శక్తి యన్న గొప్ప తనంతట తాను గొప్ప కాదు. అది ఏ నిర్బంధమునుండి పుట్టినదో ఆ నిర్బంధమున్న చోటనే దానికి అర్థము.

ఇందుకు సాక్ష్యము తరువాతి చరిత్రయే. 2004 నమూనానుండి అమెరికాకు పంపిన బండ్లలో పిస్టను నడకను 84నుండి 90.7 మిల్లీమీటర్లకు పెంచి, ఇంజనును 2157 ఘన సెంటీమీటర్లు చేసిరి. ఎర్రగీటు 8000 చుట్లకు దిగినది. అశ్వశక్తి 240 గానే యుండెను; తిప్పుబలము కొంత పెరిగి, తక్కువ చుట్లలోనే దొరకసాగెను. నడక పెంచి చుట్లు తగ్గింపకున్నచో పిస్టను వేగము సెకనునకు 27 మీటర్లు దాటియుండెడిది. అట్లు అమెరికా కొనుగోలుదారుని ఆక్షేపణకు సంస్థవారు తలయొగ్గిరి. జపానులో మాత్రము చిన్న ఇంజనే మరికొంతకాలము సాగెను. ఒకే బండి, రెండు దేశములు, రెండు న్యాయములు! కావున ఈ బండి మంచిదా కాదా యను ప్రశ్నకు, ఎవరికి, ఎచ్చట యని తెలియక జవాబు చెప్పుట తెలివితక్కువ.

బండి వెలను గూర్చిన తగవు ఇట్లు తేలినను, దాని విలువను గూర్చిన ప్రశ్న మిగిలియే యున్నది. ఇందుకు మనము మరికొంత వెనుకకు పోవలెను. సోయిచిరో హోండా 1906లో ఒక కమ్మరి యింట పుట్టినవాడు. ఆయన సంస్థ మోటారు సైకిళ్లతో పెరిగినది. 1961 మొదలు జపాను ప్రభుత్వపు వాణిజ్య పరిశ్రమల శాఖవారు, విదేశీయుల పోటీకి తట్టుకొనుటకై, బండ్ల తయారీని కొద్ది సంస్థలకే పరిమితము చేసి క్రొత్తవారిని రానీయకుండ శాసనము చేయదలచిరి. దేశహితము పేరనే ఆ యోచన సాగెను. హోండా ఆ యోచన నెదిరించెను. వాదించి యూరకుండక, తలుపు మూయకముందే లోనికి పోవలెనని తొందరగా బండ్లను సిద్ధము చేయించెను. 1963లో ఒక చిన్న లారీయు, ఎస్ 500 అను చిన్న పరుగు బండియు అమ్మకమునకు వచ్చినవి. ఆ బండి ఇంజను 531 ఘన సెంటీమీటర్లు మాత్రమే. దాని 44 అశ్వముల శక్తి దొరకునది 8000 చుట్ల వద్ద! ఆ శాసనము చివరకు నెగ్గలేదు. 1964లో ఆ సంస్థ అంతర్జాతీయమైన ఫార్ములా వన్ పందెములలో దిగి, 1965లో మెక్సికోలో తొలి విజయమును పొందెను. ముప్పదియారేండ్ల తరువాత వచ్చిన ఎస్ 2000 ఆ యెస్ 500కు మనుమడు. వడిగా తిరుగుట వారికి వేడుక కాదు. చిన్నవాడు పెద్దవారి నడుమ చోటు సంపాదించుకొన్న ఉపాయము.

ఇక మన సంగతి. తెలుగువారికి ఈ సంస్థ పరుగు బండ్లవలన పరిచయమైనది కాదు. 1984లో ఏర్పడిన హీరో హోండా సంస్థ మరుసటియేట విడుదల చేసిన నూరు సి.సి. మోటారు సైకిలు మన పల్లెలలోని పాలవానిని, బడిపంతులును, మోతుబరి రైతును సమానముగా మోసినది. కొద్దిపాటి పెట్రోలుతో ఎక్కువ దూరము నడచుటయే దాని కీర్తి. 9000 చుట్ల బండిని చేసిన చేతులును, పొదుపు బండిని చేసిన చేతులును ఒక్కటే. మంటను, కవాటమును, నూనెను, లోహమును క్షుణ్ణముగా నెరిగినవారికి ఆ జ్ఞానము వేగమునకును చెల్లును, పొదుపునకును చెల్లును. పరుగు బండివలన లాభము తక్కువ కావచ్చును. దానిని నిర్మించుటలో అలవడిన నేర్పు సంస్థయంతటను వ్యాపించును. ఎస్ 2000 విలువ ఇచ్చటనున్నది గాని వేలములలో లేదు. చక్కగా కాపాడబడి, కొద్దిగా మాత్రమే తిరిగిన బండ్లు నేడు తొలి వెలను మించి అమ్ముడుపోయిన సందర్భములు కలవు. అది సేకరించువారి మోజు. దానిని విలువయని మేము ఒప్పుకొనము.

ఒకనాడు కరవునకు పేరుపడిన అనంతపురము సీమలో, పెనుకొండ చెంత, 2019లో కొరియా దేశపు కియా సంస్థవారి కర్మాగారమునుండి బండ్లు వెలువడసాగెను. ఏటికి మూడులక్షల బండ్లను చేయు శక్తితో దానిని నిర్మించిరి. శ్రీసిటీలో జపాను వారి ఇసుజు కర్మాగారము కలదు. ఇవి మన యువకులకు పని కల్పించుచున్నవి, సంతోషింపదగినదే. కాని బండిని కూర్చుట వేరు, బండిని ఊహించుట వేరు. పరాయివాడు గీసిన పటమును బట్టి మర బిగించువాడు కూలి పొందును. పటమును గీసినవాడు లాభమును, పేరును, దానికంటె మిన్నగా రేపటి పటమును గీయు శక్తిని పొందును. మన ఇంజనీరులు ఊహింప లేనివారు కారు. వారికి లేనిది, తప్పిపోవుటకు భయపడక ఒక కష్టమైన పనిని చేసి చూడుమని ధనమిచ్చు యజమాని.

విద్యుత్తు బండ్లు వచ్చుచున్న ఈ దినములలో తొమ్మిదివేల చుట్ల గొప్ప పాతబడుచున్నదని అనవచ్చును. నిజమే. విద్యుత్తు మోటారు నిలిచిన చోటినుండియే పూర్తి తిప్పుబలము నిచ్చును. ఎస్ 2000పై వేసిన తొలి యాక్షేపణకు ఇది పూర్తి సమాధానము. కాని తలుపు మరల ఒకమారు తెరచుకొన్నదనియు దీని యర్థము. నూరేండ్ల పెట్రోలు ఇంజను నేర్పు చాలవరకు పనికిరాకపోవు నాడు, పాతవారికిని క్రొత్తవారికిని నడుమ దూరము తగ్గును. 1963లో కమ్మరి కొడుకు తలుపు మూయకముందే లోనికి అడుగుపెట్టెను. మన ధనికులు భూములపైనను, ఇండ్లపైనను పెట్టు ధనములో కొంత ఇట్టి ప్రయత్నములకు మరలించుదురా, లేక తలుపు మూసిన పిమ్మట వెలుపల నిలిచి ఇతరుల బండ్ల వెలలను గూర్చి వాదించుచుందురా? పరుగు బండి వెలను అమెరికావారు నిర్ణయించుకొందురు గాక. దాని విలువను గ్రహించుట మన వంతు.