పాడుబడిన సౌధంలో పలు కాపురాలు

ఇంగ్లండు పల్లెల్లోని ప్రభువుల భవంతులు ఇరవయ్యో శతాబ్దంలో వరుసగా నేలకూలాయి. వారసత్వపు పన్నులు, నౌకర్ల కొరత, యుద్ధకాలంలో సైన్యం వాడి విడిచిన గదులు ఇందుకు కారణాలు. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, ఇలా కనుమరుగైన వెయ్యికి పైగా భవనాల గాథను ప్రదర్శనగా పెట్టేసరికి ప్రజలు ఉలిక్కిపడ్డారు. జాబితాకెక్కిన కట్టడాన్ని అనుమతి లేకుండా కూల్చరాదని 1968 నాటి చట్టం అప్పటికే నిషేధించింది. అయితే పట్టించుకోక వదిలేసిన ఇంటిని ఎవరూ కూల్చనక్కరలేదు, వాననీరే ఆ పని చేస్తుంది.

నార్‌ఫోక్ ప్రాంతంలోని గంటన్ హాల్ అటువంటిదే. పద్దెనిమిదో శతాబ్దపు ఈ సౌధంలో ప్రధాన భాగం 1882లో అగ్నికి ఆహుతై, దాదాపు నూరేళ్లు కప్పు లేని గోడలుగా నిలిచింది. 1980లో కిట్ మార్టిన్ అనే వాస్తుశిల్పి దానిని కొని, ఇళ్లుగా విభజించాడు.

విభజించిన తీరే ఇక్కడ ముఖ్యం. సాధారణంగా బిల్డర్లు అంతస్తుకొక ఫ్లాటు చొప్పున అడ్డంగా విడదీస్తారు. అప్పుడు కొత్త మెట్లు కావాలి, పెద్ద హాలు నడుమ పలుచని గోడలు లేస్తాయి, పైవారి అడుగుల చప్పుడు కిందివారికి నిద్ర పట్టనివ్వదు. మార్టిన్ పద్ధతి నిలువు విభజన. నేల నుంచి కప్పు దాకా ఒక భాగం ఒక కుటుంబానిది. పాత దళసరి గోడలే హద్దులు, ఉన్న మెట్లే దారి, ఎవరి వాకిలి వారిదే. పెద్ద గదులను ముక్కలు చేయకుండా వీలైనంతవరకు ఒకే ఇంటికి వదిలేస్తారు.

మండువా లోగిలిని పంచుకునే అన్నదమ్ములు నట్టనడుమ గోడ లేపి, వెలుతురు దిగే మండువానే మూసుకోవడం మన పల్లెల్లో కొత్త కాదు. గోడ కట్టకముందే ఈ పద్ధతిని ఆలోచించవచ్చు.

మరమ్మతులో మరొక మెలకువ ఉంది. సున్నంతో కట్టిన పాత గోడ తేమను పీల్చి, తిరిగి వదులుతుంది. దానిపై సిమెంటు పూత వేస్తే తేమ లోపలే చిక్కి, ఇటుకలు పొడిబారి రాలుతాయి. కనుక సున్నానికి సున్నమే వాడాలి.

ఇటువంటి ఇళ్లు చవకగా దొరకవు, కొనేవారు ఎక్కువగా కలిగినవారే. పైగా కాపురాలు వేరైనా కప్పు, మురుగు కాలువ, రాకపోకల దారి ఉమ్మడివే. వాటి ఖర్చులో ఎవరి వాటా ఎంతో కొనే నాడే పత్రంలో రాసుకుంటారు. ఆ పత్రం లేనిచోట మొదటి వానకే తగవు మొదలవుతుంది.