అరవై రోజుల లెక్క

మాది కపిలేశ్వరపురం, గౌతమి గట్టున. అమెరికాలో ఉద్యోగంలో చేరిన రోజే మేనేజర్‌ని పేరు పెట్టి పిలవమన్నారు. నోరు రాలేదు. 'గారు' తగిలించే వీల్లేక, ఆర్నెల్లు అసలు పిలవకుండానే నెట్టుకొచ్చాను! ఇక్కడ 'నాకు తెలీదు' అనడం తప్పు కాదు. ఐదింటికి లేచి వెళ్తే ఎవరూ గుర్రుగా చూడరు. అదీ నచ్చింది.

మొన్న మా టీమ్‌లో ఇద్దర్ని తీసేశారు. ఇక్కడివాడు 'నెల్రోజులు రెస్ట్' అన్నాడు. హెచ్‌-1బీ మీదున్న మనవాడు క్యాలెండర్ తీశాడు. గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసాకి దరఖాస్తు చేసుకోవాలి. రెండూ కాకపోతే ఇంటిదారే.

రాత్రి నాన్న ఫోన్ చేశారు. "అక్కడ ఇల్లు కొంటున్నావంట గదా, ఎప్పుడ్రా?"

సంతకం పెట్టాల్సిన లోన్ కాగితాలు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి.