ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమాన మార్గం: దూరం, ప్రయాణకాలం – ఒక పరిశీలన

రెండు నగరాల మధ్య విమాన దూరాన్ని ఒకే సంఖ్యగా తీసుకొని, విమాన వేగంతో భాగించి ప్రయాణకాలాన్ని లెక్కగట్టడం మనకు పరిచితమైన పద్ధతి. సుదూర నగరాల విషయంలో ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో మార్గం స్పష్టంగా చూపుతుంది.

భూమిపై రెండు స్థానాలు, భూకేంద్రం ఒకే తలంలో ఉండేలా గోళాన్ని ఖండిస్తే ఏర్పడేది మహావృత్తం. దాని చాపమే ఆ రెండు స్థానాల మధ్య కనిష్ఠ దూరం. ఈ రెండు నగరాలకు అది సుమారు 12,400 కిలోమీటర్లు. గోడపటం చూసినవారికి ఆశ్చర్యం కలిగించే విషయమేమంటే, ఈ చాపం ఢిల్లీ నుండి దాదాపు ఉత్తరంగా బయలుదేరి, 75 డిగ్రీల అక్షాంశాన్ని దాటి ఆర్కిటిక్ సముద్రం మీదుగా పోతుంది. అయితే ఆరంభంలోనే హిమాలయాలు, టిబెట్ పీఠభూమి ఉన్నాయి. విమానంలో గాలి పీడనం పడిపోతే సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్ సగటు ఎత్తే 4 కిలోమీటర్లకు పైబడినది. అందువల్ల విమానాలు సాధారణంగా ఆ ప్రాంతాన్ని తప్పించి పోతాయి.

ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ సర్వీసును ప్రారంభించినప్పుడు అట్లాంటిక్ మీదుగా నడిపింది. 2016 అక్టోబరులో దానిని పసిఫిక్ వైపు మళ్ళించింది. కొత్త దారి దాదాపు 15,300 కిలోమీటర్లు, అంటే పాతదానికంటె సుమారు 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటలలో గమ్యం చేరింది. దాదాపు రెండు గంటలు ఆదా అయ్యాయి. దీనికి కారణం మధ్య అక్షాంశాలలో, విమానాలు ఎగిరే ఎత్తులలోనే, పడమటి నుండి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్. నేలతో పోల్చిన సగటు వేగం కొత్త దారిలో గంటకు 1,055 కిలోమీటర్లు కాగా, పాత దారిలో సుమారు 840 మాత్రమే. గాలితో పోల్చిన విమాన వేగంలో ఇంత భేదం ఉండదు. తిరుగు ప్రయాణంలోనూ పసిఫిక్ దారినే పట్టితే అదే ప్రవాహం ఎదురుగాలి అవుతుంది. కనుక పరిశోధకుడు పట్టికలో దూరాన్ని చూపేటప్పుడు అది మహావృత్త దూరమా, విమానం వాస్తవంగా నడిచిన దారా అన్నది, కాలాన్ని చూపేటప్పుడు ఏ దిశలో, ఏ ఋతువులో అన్నది తెలపడం అవసరం.

టికెట్టు మీది గడియారపు వేళలతో లెక్కించడం మరీ ప్రమాదం. వేసవి కాలమానంలో ఢిల్లీలో వేకువన 4 గంటలకు బయలుదేరిన విమానం పద్నాలుగున్నర గంటలు ఎగిరి, శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీన ఉదయం 6 గంటలకు దిగుతుంది!

భౌగోళిక కారణాలకు తోడు రాజకీయ కారణాలూ ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమాన సంస్థలకు మూసివేయడంతో, పడమరగా ఉత్తర అమెరికాకు పోయే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం వియన్నాలో ఆగవలసి వచ్చింది. పసిఫిక్ దారికి ఆ గగనతలంతో పని లేదు.