సగము ముఖము కృశించు వ్యాధి

ఎవరి ముఖమునందైనను కుడి యెడమ భాగములు అచ్చుగ్రుద్దినట్లు సమానముగా ఉండవు. ఆ స్వల్పభేదము సహజమే. కాని నిండుగా ఉండిన చెంప ఒకవైపున మాత్రమే ఏటేట లోతు పడుచున్నచో, దానిని ఉపేక్షింపరాదు. అది ముఖార్ధ క్షీణత అను అరుదైన వ్యాధికి తొలి గుర్తు కావచ్చును.

ఆంగ్ల వైద్యుడు కేలబ్ పారీ వ్రాసిన వర్ణనము ఆయన మరణానంతరము 1825లో వెలువడినది. జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రోమ్‌బెర్గ్ 1846లో దీనిని వివరించెను. అందుచే దీనిని పారీ-రోమ్‌బెర్గ్ వ్యాధి అందురు.

ఇది సాధారణముగా 20 ఏండ్లలోపు ఆరంభమగును, బాలికలలో ఎక్కువ. మొదట చర్మమును, దాని క్రింది క్రొవ్వును హరించును. పిదప కండరములు సన్నగిల్లును. ఎదిగే వయసులో వచ్చినచో దవడ ఎముక కూడ సరిగా పెరుగదు. కొందరికి కన్ను లోనికి పోవును. మూర్ఛలు, తీవ్రమైన తలనొప్పి రావచ్చును. వ్యాధి కొన్ని ఏండ్లపాటు సాగి, తరచుగా తనంతట తానే నిలిచిపోవును.

దీని కారణము ఇంకను నిర్ధారితము కాలేదు. దేహరక్షణ వ్యవస్థ స్వంత కణజాలముపైననే దాడి చేయుచున్నదని పలువురి అభిప్రాయము. చర్మము బిగిసి గట్టిపడు స్క్లీరోడెర్మా వ్యాధితో దీనికి గల పోలిక ఈ అభిప్రాయమును బలపరచుచున్నది. ఇది అంటువ్యాధి మాత్రము కాదు.

దీనిని తేల్చిచెప్పగల రక్తపరీక్ష ఏదియు లేదు. ఏటేటి ఫొటోలను వరుసగా పోల్చి చూచుట మంచి సాధనము. ముఖ పక్షవాతము హఠాత్తుగా వచ్చి కదలికను పోగొట్టును. ఇందు రూపము తరిగినను కదలిక సాధారణముగా నిలిచియుండును. మెదడు స్థితిని ఎం.ఆర్.ఐ. తెలుపును, అవసరమైనచో చర్మపు ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షింతురు.

చికిత్స రెండు దశలుగా నుండును. వ్యాధి సాగుచున్నప్పుడు, దానిని అదుపు చేయుటకై మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ మందులను వైద్యుని పర్యవేక్షణలో వాడుదురు. కృశించిన భాగమును మందులు తిరిగి నింపలేవు. వ్యాధి నిలిచిన పిదప, పొట్టనుండియో తొడనుండియో తీసిన క్రొవ్వును చెంపలో నింపుదురు. అందు కొంత కరగిపోవును గనుక మరల నింపవలసి రావచ్చును. లోటు పెద్దదైనచో, రక్తనాళములతో కూడిన కణజాలమును తెచ్చి అతుకుదురు. తొందరపడి ముందే నింపినచో, సాగుచున్న క్షీణత ఆ పనిని చెడగొట్టవచ్చును.

కావున మందుకు ఆలస్యము, శస్త్రచికిత్సకు తొందర రెండును హానికరమే. ప్రతిదినము విద్యార్థుల ముఖములు చూచు ఉపాధ్యాయుడు ఇట్టి మార్పును గుర్తించి తల్లిదండ్రులకు రహస్యముగా తెలుపుట, తోటివారి పరిహాసమును వారించుట, ఆ బిడ్డకు గొప్ప మేలు చేయును.