విల్లు పట్టిన వార్డు

1917లో పద్దెనిమిదేళ్ల లుడ్విగ్ గుట్‌మన్ ఓ జర్మన్ ఆసుపత్రిలో సహాయకుడు. వెన్ను విరిగిన గని కార్మికుణ్ని వార్డుకు తెచ్చారు. కండలు తిరిగిన కుర్రాడు. అతని కేసు గురించి పెద్దగా రాయనక్కర్లేదనీ, కొన్ని వారాల్లో పోతాడనీ డాక్టర్లు తేల్చేశారు. అలాగే పోయాడు. ఆ రోజుల్లో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లను పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు చంపేసేవి.

యూదుడైన గుట్‌మన్ నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండ్ చేరాడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్ను గాయాల విభాగం తెరిచాడు. రోగుల్లో చాలామంది కుర్ర సైనికులే. పగలూ రాత్రీ రెండేసి గంటలకు ఒకసారి పక్క మార్చి పడుకోబెట్టించి వాళ్లను బతికించాడు. బతికించాక అసలు చిక్కు మొదలైంది. కాళ్లు చచ్చుబడ్డ ఇరవై ఏళ్ల కుర్రాణ్ని పైకప్పు చూస్తూ పడుకోమని ఎన్నేళ్లు చెబుతాం?

మొదట చక్రాల కుర్చీల్లో పోలో ఆడించాడు. ఆట మోటుగా తయారవడంతో ఆపేశాడు. తర్వాత వచ్చిన విలువిద్యలో మాత్రం వైద్యం దాగి ఉంది. వీపుకు రెండు పక్కలా పరుచుకున్న పెద్ద కండరానికి నరం వచ్చేది మెడ నుంచి. దాని కింది కొస అంటుకుని ఉండేది కటి ఎముకకు. అందుకే ఛాతీ దగ్గర వెన్నుపాము తెగినా ఆ కండరం పనిచేస్తూనే ఉంటుంది. స్పర్శ ఉన్న పైశరీరానికీ, లేని కింది శరీరానికీ అదే వంతెన. తాడు లాగిన ప్రతిసారీ అది బలపడుతుంది, ఒరిగిపోకుండా కూర్చోవడం ఒంటికి అలవాటవుతుంది. వేళ్లలో పట్టు లేకపోతే విల్లును పట్టీతో చేతికి కడతారు. ఫిజియోథెరపీ అంటే ‘కరెంటు పెట్టడం’ అనుకునే మనకు ఈ సంగతి కాస్త వింతగానే ఉంటుంది.

1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, ఆ ఆసుపత్రి పచ్చికలో పద్నాలుగు మంది పురుషులు, ఇద్దరు మహిళలు విల్లంబులతో పోటీపడ్డారు. ఆ పోటీలు 1960లో రోమ్‌కు చేరేసరికి 23 దేశాల నుంచి సుమారు 400 మంది వచ్చారు. ఇవాళ మనం పారాలింపిక్స్ అంటున్నవి అవే. పతకాల వెలుగులో వార్డు సంగతి మరుగున పడింది గానీ, బ్రిటన్‌లో వెన్ను గాయాల కేంద్రాల మధ్య పోటీలు నేటికీ జరుగుతున్నాయి. ఆడేది ఈమధ్యే గాయపడ్డ రోగులు. వెంట వచ్చేది వాళ్ల ఫిజియోథెరపిస్టులు.

మన దగ్గర? జైపూర్ అమ్మాయి అవని లేఖరా 2012లో చిన్న వయసులోనే కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమైంది. టోక్యోలో రైఫిల్‌తో స్వర్ణం గెలిచి, పారాలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళ అయ్యింది. పారిస్‌లోనూ స్వర్ణమే. ఆమె తొలిసారి షూటింగ్ రేంజికి వెళ్లింది 2015లో, గాయపడిన మూడేళ్లకు. తీసుకెళ్లింది నాన్న.