గ్యారడోస్‌కు ఏ దెబ్బ నప్పుతుంది?

"ఆ బొమ్మల యుద్ధంలో ఏముందిరా?" అని గేమ్ ఆడే పిల్లల్ని విసుక్కోని ఇల్లు ఉండదు. అందులో బోలెడంత లెక్క ఉంది. ఎందుకో కారణం చెప్పాల్సిన పనీ ఉంది.

పోకెమాన్ గేమ్ 1996లో జపాన్‌లో పుట్టింది. వింత జీవుల్ని పట్టి, పెంచి, పోటీకి దింపాలి. ప్రతి జీవికీ ఆరు బలాలు అంకెల్లో ఉంటాయి: ప్రాణశక్తి, ఎటాక్, డిఫెన్స్, స్పెషల్ ఎటాక్, స్పెషల్ డిఫెన్స్, వేగం. గుద్దడం, కొరకడం లాంటి ఒంటి దెబ్బలకు సాధారణంగా ఎటాక్ లెక్కలోకి వస్తుంది. మంట, నీటిధార, మనోశక్తి లాంటివాటికి స్పెషల్ ఎటాక్ చూస్తారు. ఒక జీవి నాలుగు విద్యలే గుర్తుంచుకోగలదు. ఐదోది నేర్పాలంటే పాతవాటిలో ఒకటి మాన్పించాలి. ఏది మాన్పించాలన్నదే పిల్లవాడి ముందున్న ప్రశ్న.

గ్యారడోస్ అనే నీటి జీవిని తీసుకుందాం. దాని మూల ఎటాక్ 125, స్పెషల్ ఎటాక్ 60. హైడ్రో పంప్ అనే నీటిధార శక్తి 110. వాటర్‌ఫాల్ అనే ఒంటి దెబ్బ శక్తి 80. పెద్ద అంకె చూసి హైడ్రో పంప్ నేర్పితే 110 × 60 = 6,600. వాటర్‌ఫాల్ నేర్పితే 80 × 125 = 10,000. పైగా హైడ్రో పంప్ గురి నూటికి 80 మాత్రమే కాబట్టి సగటున మిగిలేది 5,280. అసలు సూత్రంలో లెవెల్, ఎదుటి జీవి రక్షణ కూడా ఉంటాయి. ఎదుటి జీవి రెండు రక్షణలూ సమానమైతే గెలుపు వాటర్‌ఫాల్‌దే. అలకజామ్ కథ దీనికి తలకిందులు: ఎటాక్ 50, స్పెషల్ ఎటాక్ 135. దానికి గుద్దులు నేర్పడం దండగ.

ఇంకో సంగతి. 2006లో డైమండ్, పెర్ల్ గేమ్‌లు వచ్చేదాకా నీటి దెబ్బలన్నిటికీ స్పెషల్ ఎటాకే కొలత. అంత ఎటాక్ ఉన్న గ్యారడోస్ తన సొంత నీటి విద్యలోనే వెనకబడేది. ఆ ఏడాది నుంచి ఏ దెబ్బకు ఆ దెబ్బను విడిగా కొలవడం మొదలైంది. గ్యారడోస్ అంకెలు అవే, కొలత మారింది. తరగతిలో కూర్చున్న పిల్లల్ని తలచుకుంటే ఈ మాట మనకు గుచ్చుకోవాలి.

మన బడుల్లో దీన్ని వాడుకోవచ్చు. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాట్లాడే పిల్లలకు తెలుగులో వాదించే అవకాశం తక్కువ. "నీ జీవికి ఏ నాలుగు విద్యలు ఉంచుతావు? ఏది మాన్పిస్తావు? ఎందుకు?" అని అడిగి, ఐదు వాక్యాలు తెలుగులో రాయించండి. లెక్క పక్కనే వేయించండి. "ఎందుకంటే", "అయినా సరే", "దానికంటే" అనే మాటలు వాటంతటవే వస్తాయి. పేర్లు పలకడంలో మనం తడబడితే పిల్లలే దిద్దుతారు, దిద్దనివ్వండి.

ఆటకు రోజూ ఇంత సమయమని ఇంట్లో గీత గీయడం మాత్రం తల్లిదండ్రుల పనే.